పేజీలు లేని పెద్దమ్మ

వేలిముద్ర తర్వాత వేద్దువుగాని పెద్దమ్మా, ముందు నా ఏడుపు విను. రేపు పదింటికి నా మౌఖిక పరీక్ష. ఈ అంగీకార పత్రం లేకపోతే లోపలికే రానివ్వరట. నువ్వు చెప్పినవి వాడుకోవడానికి నీ అనుమతి కావాలట. వాడేసి ఆర్నెల్లయ్యాక అడుగుతున్నారు, చూశావా మర్యాద?

నవ్వకు. నలభై రెండేళ్లకి ఎమ్మే చదువుతున్నానని లోకమంతా నవ్వింది, ఇక నువ్వు కూడా ఎందుకు? మా శాఖ పేరు ఆదివాసీ అధ్యయన శాఖ. అందులో ఆదివాసిని నేనొక్కణ్ణే, మిగతాదంతా అధ్యయనం.

నా పరిశోధన వ్యాసంలో, మనవాళ్లు ఆ ఏటి వంపులో తాతముత్తాతల నుంచీ ఉన్నారని రాశాను. గైడుగారు కళ్లజోడు పైకి నెట్టి, "ఎవరు చెప్పారయ్యా?" అన్నారు. మా పెద్దమ్మ సార్ అన్నాను. "ఏ పేజీలో?" అన్నారు. మా పెద్దమ్మకి పేజీలు లేవు సార్ అన్నాను. గొప్ప మాటన్నాననుకుని నవ్వాను కూడా. నేనొక్కణ్ణే.

అప్పుడు ఓ పాత సర్వే పుస్తకం తీసి నా ముందు పడేశారు. నూరేళ్ల కిందట ఎవడో దొర గుర్రమెక్కి వచ్చాడు, ఖాళీ గుడిసెలు చూశాడు, ఇక్కడ మనుషులెవరూ లేరని రాసుకుపోయాడు. కాబట్టి మనం తర్వాతెప్పుడో వచ్చి చేరినవాళ్లమట.

ఎందుకుంటారు మరి? దొర వస్తే మూటలు మోయడానికి పట్టుకుపోతాడని ఊరంతా కొండెక్కి దాక్కుంది కదా. పొగ కనబడకూడదని పొయ్యిలు ఆర్పి మరీ వెళ్లారు. మీ అమ్మ అప్పుడు చంటిపిల్ల. ఏడవకుండా మీ అమ్మమ్మ దాని నోరు మూసి పట్టుకుంది. ఇదంతా చెప్పాను పెద్దమ్మా. నిలబడే చెప్పాను, కుర్చీ చూపించలేదాయన. "అచ్చులో ఉన్నదాన్ని కాదని ఒక ముసలావిడ మాట పట్టుకోవాలా?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆ దొర అక్కడున్నది ఒక్క పూట. నువ్వు డెబ్బై ఆరేళ్లున్నావు. ఆ పుస్తకం ఆయన మొహాన కొట్టి వచ్చేద్దామనుకున్నాను.

కొట్టానా అంటే... రెండు చేతులా అందుకుని, థాంక్యూ సార్ అని వచ్చాను.

వేలు అప్పుడే చాచకు. నీ గురించి ఏం రాశానో చదువుతాను. "వయసు మీదపడినందున ఈమె జ్ఞాపకం నమ్మదగినది కాదు."

ఊఁ. ఈమె అంటే నువ్వే.

కాదు, ఆయన రాయించలేదు. "ఆధారం చాలలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యమన్నారు, అంతే. ఈ వాక్యం నాదే. రెండు రోజులు కూర్చుని చెక్కాను. ఆయన దాని కింద గీత గీసి, "ఇన్నాళ్లకి నీకు చదువొచ్చిందయ్యా" అన్నారు.

ఆ పూటంతా నేనెంత సంతోషంగా ఉన్నానో నీకు చెప్పలేను పెద్దమ్మా.