బుచ్చిబాబు గారికి అర్థం కాని రోజు

1979 జూన్ 18వ తేదీ సోమవారం ఉదయం శ్రీ వేమూరి బుచ్చిబాబు గారు నారాయణగూడలోని మన విద్యాప్రభ కళాశాలలో జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరారు. "ప్రయాణం సుఖంగా జరిగిందా?" అని నాటి ప్రిన్సిపాల్ గారు అడిగితే, "దివ్యంగా జరిగిందండీ" అని వినయంగా సమాధానమిచ్చారు. తెనాలి నుంచి రాత్రంతా రైల్లో నిలబడే వచ్చారని, కాళ్లు వాచి చెప్పులు పట్టక కాచిగూడ లాడ్జి గదిలోనే వాటిని వదిలేసి వచ్చారని తరువాత ఎప్పుడో బయటపడింది. ఆ మొదటి సమాధానంలోనే ఆయన సంపూర్ణ వ్యక్తిత్వం ఇమిడి ఉన్నదని మనకు అప్పట్లో తెలియదు.

తదాదిగా ముప్ఫై నాలుగేళ్లకు పైగా ఆయన ఈ సంస్థకు చేసిన సేవ అనితరసాధ్యమైనది. టైపు యంత్రం నుంచి కంప్యూటరు దాకా వచ్చిన ప్రతి మార్పునూ చిరునవ్వుతో స్వీకరించి, 1988లో సీనియర్ అసిస్టెంటుగా, 2003లో కార్యాలయ సూపరింటెండెంటుగా పదోన్నతులు పొంది, ప్రిన్సిపాళ్లు ఎందరు మారినా అందరి చేతా మంచివాడనిపించుకున్నారు. నిజాయతీ, సమయపాలన, సహనం అనే గుణత్రయానికి తోడు నాలుగవదైన మొహమాటం ఆయనలో మూర్తీభవించి ఉండేది. ఎవరి ముఖం మీదా కాదనలేరు. వద్దనలేరు. టీ ఇస్తే తాగేస్తారు, ఇంకొకరు ఇంకొక టీ ఇస్తే అదీ తాగేస్తారు.

మన గ్రంథాలయాధికారి రామచంద్రరావు గారి వివాహానికని బయలుదేరి, పొరపాటున పక్క హాలులోని పెళ్లిలోకి అడుగుపెట్టి, వాకిట్లో పన్నీరు చల్లి రమ్మన్నవారితో "నేను మీ చుట్టాన్ని కాదండీ" అనలేక లోపలికి వెళ్లిపోయి, అక్షింతలు వేసి, భోంచేసి, చేతిలోని గోడగడియారం కూడా ఆ దంపతులకే సమర్పించి వచ్చిన ఘనత వారిది. ఆ కుటుంబం నేటికీ తమ ఇంటి శుభకార్యాలకు ఆయనను తప్పక పిలుస్తుంది. ఆ గడియారం సంగతి రామచంద్రరావు గారు నేటికీ అడుగుతూనే ఉన్నారు.

ఇంతటి మహానుభావుని జీవితంలో అత్యంత సాహసోపేతమైన ఘట్టం 2012 సంవత్సరాంతంలో జరిగింది. సంశ్లేషిత జీవశాస్త్రం అనే కొత్త శాస్త్రం ఒకటి ఉన్నది. సూక్ష్మజీవుల జన్యువులలో మనమే మార్పులు కూర్చి, వాటిచేత కొత్త పనులు చేయించే విద్య అది. నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరితే ఎర్రబడి హెచ్చరించే సూక్ష్మజీవి గురించి సామాన్య ప్రజలకు బోధపరచాలని మన విద్యార్థి బృందమూ, చిక్కడపల్లిలోని జ్ఞానజ్యోతి మహిళా కళాశాల బృందమూ చేతులు కలిపాయి. మన వైపు నాయకుడు అభిజిత్, వారి వైపు నాయకురాలు తన్మయి. ఇద్దరికీ అదే ఆఖరి సంవత్సరం. అశోక్‌నగర్‌లోని ఒక కమ్యూనిటీ హాలులో ప్రదర్శన ఇవ్వాలి, బెంగళూరు నుంచి వచ్చే పరీక్షకురాలు జనం మధ్యే కూర్చుని చూస్తారు, చివర్లో ఎవరినైనా లేపి ఏమి అర్థమైందో సొంత మాటల్లో చెప్పమంటారు. చెప్పగలిగితేనే ఈ పిల్లలు బెంగళూరులో జరిగే జాతీయ విద్యార్థి సమావేశానికి వెళతారు. లేకుంటే రెండు నెలల శ్రమా అక్కడితో సరి.

రెండు బృందాలకూ మార్గదర్శకురాలు మన మైక్రోబయాలజీ అధ్యాపకురాలు మనోరమ గారు. "ముందు సైన్సు రాని మనిషికి చెప్పి చూడుండ్రి. బుచ్చిబాబు గారికి అర్థమైతే ఊరందరికీ అర్థమైతది" అని వారు పిల్లలను ఆఫీసు గదికి పంపారు. సలహా శాస్త్రీయమే. ఎంచుకున్న మనిషి దగ్గరే చిక్కు వచ్చింది.

అభిజిత్ బృందం జన్యువును ఒక లిపితో పోల్చి, పెద్ద పటాలు పరిచి చెప్పింది. బుచ్చిబాబు గారికి ఒక్క ముక్క బోధపడలేదు. పిల్లవాడు చెమటలు కక్కుతూ ఆశగా తన మొహంలోకే చూస్తుంటే ఆ మాట ఎలా అనగలరు? "అద్భుతం నాయనా. కళ్లకు కట్టినట్టుంది" అన్నారు. మర్నాడు తన్మయి బృందం వచ్చి జన్యువును యంత్రభాగంతో పోల్చి చెప్పింది. ఇది నిన్నటిదానికంటే అయోమయంగా ఉన్నదని ఆయనకు అనిపించింది. "చాలా చక్కగా ఉందమ్మా. పసిపిల్లలకైనా తెలిసిపోతుంది" అన్నారు.

ఇక చూడండి. లిపి మేలా, యంత్రం మేలా అని అప్పటికే కీచులాడుకుంటున్న రెండు బృందాలూ బుచ్చిబాబు గారి తీర్పు తమకే అనుకూలమని భీష్మించుకున్నాయి. "సార్‌కు మాదే సమజైంది, పోయి అడుగుండ్రి" అని వీళ్లు, "మాకైతే పసిపిల్లలకైనా తెలుస్తదన్నరు" అని వాళ్లు. ఇరువురూ కలిసి వచ్చి నిలదీస్తే, ఆయన గంభీరంగా ఆలోచించి, "రెండూ పెట్టేయండి, నిండుగా ఉంటుంది" అని సెలవిచ్చారు. పిల్లలు అలాగే పెట్టేశారు.

ప్రదర్శన ఆదివారం సాయంత్రం. హాలు నిండింది. పోటీ పరీక్షలకు చదువుకునే అశోక్‌నగర్ యువత, ఇది కూడా ప్రశ్నపత్రంలో వస్తుందేమోనన్న ముందుచూపుతో, వచ్చిన ప్రతి మాటనూ రాసుకుంటున్నది. చుట్టుపక్కల ఇళ్లలోని విశ్రాంత ఉద్యోగులు ముందు వరుసలు ఆక్రమించారు. చిక్కడపల్లిలో పూలమ్మే కురుమమ్మ, ఫ్యాను కింద చోటు చూసుకుని, ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నది. బుచ్చిబాబు గారు మూడో వరుసలో ఉన్నారు.

అభిజిత్ వచ్చి జన్యువు ఒక లిపి అన్నాడు. సభ తలూపింది. వెంటనే తన్మయి వచ్చి జన్యువు ఒక యంత్రభాగమన్నది. సభ అంతే మర్యాదగా మళ్లీ తలూపింది. "అందరికీ అర్థమైందా?" అని మనోరమ గారు అడిగితే, "అయింది" అని హాలంతా ఒక్క గొంతుతో పలికింది. బుచ్చిబాబు గారు చుట్టూ చూశారు. ప్రతి మొహం మీదా ఉన్నది ఆయనకు చిరపరిచితమైన నవ్వే. ఆఫీసు గదిలో తాను నవ్వినదీ అదే. ఇందరిలో ఎవరికీ ఏమీ తెలియలేదన్న సంగతి ఆ నవ్వుల విద్యలో ఆరితేరిన ఆయనకొక్కరికే తెలిసింది. వెనుక వరుసలో పరీక్షకురాలు కళ్లజోడు సవరించుకుని ఎవరిని లేపాలా అని చూస్తున్నారు. వేదిక మీద ఆ ఇద్దరు పిల్లలూ గెలిచేశామని మురిసిపోతున్నారు.

బుచ్చిబాబు గారు లేచి నిలబడ్డారు. ఏదో అభినందన చెబుతారనుకుని మన సిబ్బందిలో కొందరు చప్పట్లకు కూడా సిద్ధమయ్యారు.

"నాకు అర్థం కాలేదండీ" అన్నారాయన.

ప్రిన్సిపాల్ గారు వెనక్కి తిరిగి, మాట్లాడినది నిజంగా బుచ్చిబాబు గారేనా అని చూశారు.

"ఏ భాగం సార్?" అన్నది తన్మయి, మొహం పాలిపోయి.

"మొదటి నుంచీ, అమ్మా. ఆఫీసులో చెప్పినప్పుడు కూడా."

అప్పుడు కురుమమ్మ నోరు విప్పింది. "నాక్కూడ కాలే బిడ్డ. అందరు అయిందంటుంటే నాకే తెల్వదేమో అనుకున్న." ముందు వరుసలో ఒక పెద్దాయన దగ్గి, తనకూ కొంత సందేహమున్నదన్నారు. చదువుకునే కుర్రవాళ్లు కలాలు మూశారు. క్షణంలో హాలు సగం పైగా అర్థం కాని పక్షంలో చేరిపోయింది.

అభిజిత్ పటాలన్నీ పక్కకు నెట్టి వేదిక దిగి, బుచ్చిబాబు గారి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన్మయి వచ్చి పక్కన నిలబడింది.

"పాలల్ల తోడు వేస్తే పెరుగు చేసేటియి సూక్ష్మజీవులే కద సార్. ఆ పని వాటికి పుట్టుకతోనే వచ్చు" అన్నదామె. "ఇంకో రకం జీవికి మేం కొత్త పని ఇస్తున్నం."

"ఎలా ఇస్తారమ్మా? చెబితే వింటుందా?" ఒకసారి నోరు తెరిచిన బుచ్చిబాబు గారిని ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అభిజిత్ బుర్ర గోక్కున్నాడు. ఆఫీసు గదిలో పటాలు పరిచిన రోజు గమనించినదేదో అక్కరకు వచ్చినట్టుంది. "మీ ఆఫీసుల కొత్త జీవో వస్తే ఏమైతది సార్? మనిషి పాతోడే, కుర్సీ పాతదే, పని కొత్తది చేస్తడు. గట్లనే. జీవి పాతదే. మేం దాని లోపల ఒక కొత్త జీవో పెడతం. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎర్రగ కావాలె అని."

సగం మంది ప్రభుత్వ ఉద్యోగం చేసి దిగినవారూ, సగం మంది ఎక్కాలని చూస్తున్నవారూ ఉన్న ఆ సభకు ఇంతకంటే సుబోధకమైన ఉపమానం మరొకటి దొరకదు. "ఆఁ" అన్న శబ్దం హాలంతా పాకింది. దగ్గిన పెద్దాయన లేచి, "మరి ఆ జీవోను రద్దు చేసే అధికారం ఎవరిది బాబూ?" అని అడిగారు. ఆ శాస్త్రంలో పెద్దలందరూ తలలు పట్టుకుంటున్న ప్రశ్న అదేనని చెప్పేటప్పుడు మనోరమ గారి మొహం వెలిగిపోయింది. అందుకే ఈ జీవిని సీసాలోనే ఉంచి, పరీక్షించాల్సిన నీళ్లు అందులో పోస్తామే తప్ప ఎవరి బిందెలోనూ వేయమని కూడా వారు చెప్పారు.

పరీక్షకురాలు కురుమమ్మను లేపారు. "పురుగుకు జీవో ఇస్తరంట. నీళ్లు ఖరాబుంటే ఎర్రగైతదంట. మా బిందెల ఎయ్యరంట, సీసాలనే ఉంచుతరంట" అని చెప్పి, ఒక్క క్షణం ఆలోచించి, "గా ఆఖరు మాట మీద నాకు జర అనుమానముంది" అన్నది.

పిల్లలు బెంగళూరుకు ఎంపికయ్యారు. అక్కడ బహుమతి ఏదీ రాలేదని కూడా సత్యం కోసం చెప్పక తప్పదు.

అసలు తుఫాను మన ఆఫీసులో రేగింది. బుచ్చిబాబు గారు ఒకసారి కాదనడంతో అంతకుముందు ఆయన అవునన్నవన్నీ అనుమానాస్పదమైపోయాయి. "ఇన్నేండ్లసంది నా ఉగాది పద్యాలు బాగున్నయన్నరు. అవి గూడ గింతేనా?" అని రామచంద్రరావు గారు వచ్చి నిలబడితే, ఆయన చేతిలోని ఫైలు మూసి, "కొన్ని" అన్నారు. ఈ వార్త ఇంటికి చేరాక శ్రీమతి రాజ్యలక్ష్మి గారు కాకరకాయ కూర ప్రస్తావన తెచ్చారని వినికిడి. ఆ సంభాషణ వివరాలు ఈ వీడ్కోలు సంచికకు అందలేదు. మర్నాటి నుంచి ఆయన భోజనం డబ్బాలో కాకరకాయ కనిపించలేదన్నది మాత్రం సిబ్బందికంతా తెలుసు.

బెంగళూరు రైలెక్కే ముందు అభిజిత్, తన్మయి వీడ్కోలు తీసుకోవడానికి వచ్చారు. "ఆఫీసుకొచ్చి మరీ చెప్పినం కద సార్. అప్పుడే అర్థం కాలేదంటే అయిపోతుండె" అన్నది తన్మయి నిష్ఠూరంగా.

బుచ్చిబాబు గారు కాగితాలు సర్దడం ఆపారు. "అప్పుడు మీరెవరో పిల్లలమ్మా. బయటివాళ్ల ముఖం మీద కాదనడం నాకు ఈ జన్మలో చేతకాలేదు. ఆ రోజు హాల్లో మీరు ఓడిపోతున్నారని తెలిసేసరికి, మన పిల్లలే కదా అనిపించింది. మాట దానంతటదే వచ్చేసింది" అన్నారు. తన్మయి వంగి ఆయన పాదాలకు నమస్కరించింది.

2014 ఫిబ్రవరి 28న పదవీ విరమణ చేస్తున్న ఈ సౌజన్యమూర్తి చిక్కడపల్లిలోని తమ ఇంట ధర్మపత్నీ సమేతంగా, నిండు ఆరోగ్యంతో, ఇష్టమైన కూరలతో సుఖించాలని సిబ్బంది అందరమూ ఆకాంక్షిస్తున్నాము. మేమంతా తరచూ వస్తాము, వస్తే త్వరగా లేవము. ఏదో ఒక సాయంత్రం మాలో ప్రతి ఒక్కరితోనూ "చాలాసేపైంది, ఇక వెళ్లండి" అని ఆయన మొహం మీదే అనాలని మా కోరిక. ఆ భాగ్యం మాలో చిట్టచివరి మనిషికి దక్కడానికి ఎన్నేళ్లు పడితే అన్నేళ్లూ ఆయన చల్లగా ఉండాలి.