స్వెటర్ తొడుక్కున్నంతసేపూ మమ్మల్ని ఎరుగని అర్డెల్ గారు

1986వ సంవత్సరం జూన్ రెండవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి అర్డెల్ ఫైస్ట్ గారు లార్క్‌ఫీల్డ్ కౌంటీ న్యాయస్థానంలో సహాయ గుమాస్తాగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి నుండి పదవీ విరమణ వరకు వారు అందించిన సేవలను సవివరంగా ప్రస్తుతించుట మా ఉద్యోగుల ఈ సంచిక ఆనవాయితీ. అయితే, వారి సేవలలో అధికభాగం ఎవరికీ చెప్పకూడనివి. చెప్పకూడని వాటిని మినహాయిస్తే ఏమి మిగులునో, మిగిలినదానితో ఒక అభినందన వ్యాసమెట్లు నిండునో తెలియక, ఎదురుగదిలో పన్నుల విభాగంలో పనిచేయు ఈ వ్యాసకర్త మూడు వారాలుగా సతమతమవుతూనే ఉన్నాడు.

నార్త్ డకోటాలోని ఈ చిన్న కౌంటీలో కుటుంబ వ్యవహారాల దస్త్రాలకు సంబంధించిన నిబంధనలు తొలిరోజులలో అర్డెల్ గారిని తీవ్రమైన అయోమయానికి గురిచేశాయి. విడాకుల తీర్పును ఎవరైనా అడిగి చూడవచ్చును; అదే దస్త్రంలో పిల్లల ప్రస్తావనగల పుటలను మాత్రం చూడరాదు. మైనరు సంరక్షణ కాగితాలు కక్షిదారులకు తప్ప అన్యులకు దక్కవు. ఇక దత్తత కాగితాలైతే, అవి ఉన్నవని గాని లేవని గాని నోరు విప్పరాదు. అటు చూస్తే, ఆ దస్త్రాలలోని సంగతులన్నీ అర్డెల్ గారికి చర్చిలోనో గోధుమల గిడ్డంగి వద్దనో ముందే తెలిసి ఉండేవి. ఎరిగిన విషయాన్ని ఎరగనట్టు ఎరిగిన మనిషికి చెప్పడమెలాగో ఏ నిబంధనల పుస్తకంలోనూ రాసి లేదు.

ఉద్యోగంలో చేరిన కొద్ది వారాలకే పొరుగింటావిడ కౌంటరు మీద మోచేతులానించి, "మా చెల్లెలి విడాకుల కాగితాల్లో పిల్లల సంగతేం రాశారో కాస్త చూపించవే అర్డెల్, నీకు నేను కొత్తా?" అన్నారు. అర్డెల్ గారికి ముఖం కందిపోయింది. వేసవిలోనూ చలివేసే ఉత్తరపు గది కావడంతో కొక్కేనికి తగిలించి ఉంచిన బూడిదరంగు స్వెటరును, ఏమి చేయుటకూ తోచక, తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకుని, "మీ పేరు చెప్పండి" అన్నారు. పొరుగింటావిడ నిర్ఘాంతపోయి పేరు చెప్పి, కాగితాలు చూడకుండానే వెళ్ళిపోయారు.

ఆనాటి నుండి అదే పద్ధతి స్థిరపడింది. స్వెటరు ఒంటిమీద ఉన్నంతసేపు అర్డెల్ గారు ఎవరినీ ఎరుగరు. అది కొక్కేనికి ఎక్కిన మరుక్షణం అందరినీ, వారి ఆవులతో సహా, ఎరుగుదురు. జ్యూరీ పిలుపు విషయమై వచ్చిన స్వంత భర్త రేమండ్ గారిని సైతం "మీ పేరు?" అని అడిగారు. "పొద్దున నాకు గుడ్లు వేయించి పెట్టినావిడ ఉంది, ఆవిణ్ణి అడగండి, చెప్తుంది" అని వారు సమాధానమిచ్చారు. గుర్తింపు కార్డు మాత్రం చూపక తప్పలేదు. స్వెటరు ఎప్పుడు తీస్తారా అని గుమ్మం వద్ద తచ్చాడేవారూ, తీశాక ఏమి అడగాలో మరచేవారూ మా భవనంలో నిత్యదృశ్యమయ్యారు.

కార్డుల సొరుగుల స్థానంలో కంప్యూటర్లు వచ్చాయి. 1998లో ప్రధాన గుమాస్తాగా పదోన్నతి పొందిన అర్డెల్ గారు వాటిని నేర్చుకున్నారు గాని, నమ్మినట్లు మాత్రం కనబడలేదు. రాజధానిలోని అధికారులు "అన్నీ తెరమీదే కనబడతాయి" అని సెలవిచ్చారు. కుటుంబ వ్యవహారాలు మాత్రం ఆ తెరమీద కనబడేవి కావు. కనబడకపోవుటకు దస్త్రం లేకపోవుట కారణమా, గోప్యత కారణమా అన్నది అడిగినవారికీ తెలియదు, చెప్పేవారికీ తెలియదు.

ఇచ్చట చెప్పదగిన ఉదంతం ఒక్కటే కలదు. అదియును మిల్టన్ షాట్జ్ గారి అనుమతితోనే. 2009 ఫిబ్రవరిలో ఒక ఉదయం, మిల్టన్ గారు టోపీ చేతబట్టుకుని కౌంటరు వద్దకు వచ్చారు. వారి మనుమరాలు, అయిదేళ్ళ కోరాకు, వినికిడి నానాటికీ తగ్గిపోతున్నది. మరునాడు శస్త్రచికిత్స. తాతగారే సంరక్షకులని కోర్టు ఉత్తర్వు సాయంత్రంలోగా చేరకపోతే ఆసుపత్రివారు చేయరు. మళ్ళీ తేదీ దొరికేది వేసవికే, అప్పటికి వినికిడి మిగులునన్న హామీని వైద్యులు ఇవ్వలేదు.

"మీ పేరు?" అన్నారు స్వెటరులోని అర్డెల్ గారు.

"మిల్టన్ షాట్జ్. మీ పక్క పొలమే."

"కక్షిదారు నకలు మీ దగ్గర లేదా?"

"పోస్టులో వస్తుందన్నారు, రాలేదు. నేనూ అడగలేదు. ఆ పిల్ల నాదని ఇక్కడ తెలీనోడెవడు? ఇన్నాళ్ళూ కాగితంతో పనేం పడింది?"

అర్డెల్ గారు తాతగారి పేరున వెదికారు, పిల్ల పేరున వెదికారు, పిల్ల తల్లి పేరున వెదికారు. పొరుగు కౌంటీకి ఫోను చేశారు. చిట్టాలో విచారణ జరిగినట్లు ఒక్క పంక్తి తప్ప, దస్త్రం జాడ లేదు. మూడేళ్ళ క్రితపు శీతకాలంలో, కోర్టు భవనపు బాయిలరు చెడినందున, ఆ విచారణ లూథరన్ చర్చి నేలమాళిగలో జరిగినది. న్యాయమూర్తిగారు ఉత్తర్వుపై సంతకం చేసి, మంచుతుఫాను ముంచుకొస్తున్నదని హడావిడిగా బయలుదేరారు. గుమాస్తాగా అర్డెల్ గారికి జ్ఞాపకమున్నది అంతవరకే.

"దొరకదా?" అన్నారు మిల్టన్ గారు. కుర్చీలో కూలబడ్డారు.

గడియారం రెండు దాటింది. పనివేళలో, కౌంటరు తెరచి ఉండగా, అర్డెల్ గారు లేచి నిలబడి, ఒక్కొక్క గుండీ విప్పి, స్వెటరును కొక్కేనికి తగిలించారు. వారి ఉద్యోగ జీవితంలో అదే మొదలు, అదే కడ. ఏమి జరుగుతున్నదో అర్థంకాక, ఎదురుగదిలో మేమందరం పెన్నులు కింద పెట్టాము.

"మిల్టన్, ఉండు. ఆ రోజు నువ్వెళ్ళాక అక్కడే ముసలి క్నాప్ గారి అంత్యక్రియల భోజనాలు. నేను కూఖెన్ కేకు ముక్కలు కోశాను. జడ్జిగారు సంతకం పెట్టిన ఆ బల్లమీదే."

అర్డెల్ గారు చర్చికి వెళ్ళేసరికి, అక్కడి వంటశాల పెద్దదిక్కు వయొలెట్ క్నాప్ గారు నూడిల్స్ ఆరబెడుతున్నారు. వారు అర్డెల్ గారిని ఎగాదిగా చూశారు.

"ఎవరడుగుతున్నారు? కోర్టా, నువ్వా?"

"నేనే వయొలెట్. స్వెటర్ ఆఫీసులో ఉంది."

"అయితే చెప్తా. కోర్టు అడిగితే మాకేం తెలీదందామనుకున్నాం." మాంసం వండే పెద్ద పాత్రల అలమర తెరచి, దారం కట్టిన దస్త్రాన్ని బయటకు తీశారు. "బల్ల సర్దేటప్పుడు గిన్నెలతోబాటు వచ్చేసింది."

"మరి తెచ్చివ్వలేదేం?"

"ఎవరిదో చూద్దామని మొదటి కాగితం తిప్పాం. తిప్పాక దారం కట్టేశాం. తెచ్చిస్తే మేం చూశామని మిల్టన్‌కి తెలుస్తుంది. ఇంటి గుట్టు మా వంటింట్లో పడిందని వాడెందుకు కుమిలిపోవాలి? ఈస్టరుకీ, పంటల పండక్కీ పాత్రలు తీసినప్పుడల్లా దాన్ని పక్కన పెట్టడం, మళ్ళీ లోపల పెట్టడం. అంతే."

"అందరికీ తెలుసా?"

"వంటింట్లో పన్జేసే వాళ్ళందరికీ. ఎవ్వరం నోరెత్తలేదు."

అర్డెల్ గారు ఆఫీసుకు తిరిగి వచ్చి, స్వెటరు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, మిల్టన్ గారిని మళ్ళీ గుర్తింపు కార్డు అడిగారు. మిల్టన్ గారు కార్డు తీసి ఇస్తూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ముద్ర పడింది, నాలుగున్నరకు ఫ్యాక్స్ వెళ్ళింది. కోరా ఇప్పుడు పాఠశాల బృందంలో బాకా ఊదుతున్నది. ఆమెకు అది చక్కగా వినబడుతున్నది. మిల్టన్ గారి పొలం చుట్టుపక్కల వారందరికీ సైతం వినబడుతున్నది.

ఆ మూడేళ్ళు గోప్యత భంగమైనదా, లేక కోర్టు బీరువాలోకన్న భద్రంగా ఉన్నదా అన్నది అర్డెల్ గారికి నేటికీ తేలలేదు. దస్త్రం ఎచ్చట దొరికెనని న్యాయమూర్తిగారు ప్రశ్నించగా, "పెట్టిన చోటే ఉందండీ" అని విన్నవించారట. ఆ మాట నిజమా, అబద్ధమా అని వారు ఈ వ్యాసకర్తను రెండుసార్లు అడిగారు. ఈ వ్యాసకర్తకు కూడా తెలియదు.

గత శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు, అర్డెల్ గారు ఆఖరిసారి స్వెటరు విప్పి కొక్కేనికి తగిలించారు. ఇంటికి తీసుకెళ్ళాలో, వదలిపెట్టాలో తోచక దాన్ని తడుముతూ నిలబడ్డారు. కౌంటరుకు ఇవతల, కోరా చేయి పట్టుకుని మిల్టన్ గారు నిలిచి ఉన్నారు. వారు గొంతు సవరించుకుని, టోపీ తీసి, ఎంతో మర్యాదగా అడిగారు.

"మీ పేరు?"

అర్డెల్ గారు స్వెటరు మీది నుండి చేయి తీశారు. ఆ ప్రశ్న వారిని ఇంతవరకు ఎవరూ అడిగినట్లు లేదు.

"అర్డెల్," అన్నారు చివరకు. "నీ పక్క పొలమే, మిల్టన్."

ఇకపై ఏ స్వెటరూ అడ్డురాని దినాలలో, శ్రీ రేమండ్ గారి సాహచర్యంలో, అర్డెల్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఆ నూరేళ్ళూ, ఆఖరి రోజు ఆఖరి పూట వరకు, ఎదురుపడిన మాలో ప్రతి ఒక్కరినీ, పేరు అడగనక్కరలేకుండా, వారు గుర్తుపట్టాలనీ మనసారా కోరుకుంటున్నాము.