నీళ్ళు తాగిన నేరం

"ఆ ఫరీదుద్దీన్‌గాడు అసలు మనిషేనా? నీళ్ళు తాగుడు గూడ తప్పని రాసిండంటె వాన్ని ఏమనాలె?"

"మెల్లగ, అన్నా. లోపల నైట్ డ్యూటీ సిస్టర్లు పండుకున్నరు."

దోహా, 1996 జూన్. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో నర్సులుండే విల్లా మెట్ల మీద, శుక్రవారం పగటిపూట, ట్రక్కు డ్రైవరు లింబాద్రి, అతని చెల్లెలు పుష్ప. ఏడాదిన్నర కింద పుష్ప పనిచేసే క్లినిక్‌లో రెండు మత్తుసూదులు లెక్క తప్పాయి. నర్సులందరికీ మూత్రపరీక్ష చేయిస్తే ఆమెదొక్కటే చెడ్డగా వచ్చింది. అప్పటినుంచి, నర్సు లైసెన్సు నిలవాలంటే, ఫరీదుద్దీన్ నడిపే ప్రైవేటు ఆఫీసులో వారం వారం పరీక్ష, వారానికి నూరు రియాళ్ళు. ఆ ఫీజు లింబాద్రే కడుతున్నాడు. ఈ నెలతో తీరిపోవాల్సింది.

"మల్లొకసారి చెప్పు. ఏమన్నడు?"

"సాంపిల్ పల్చగున్నదన్నడు. మత్తు దాచనీకె కావాలనే నీళ్ళు తాగినవన్నడు. ఇంకొక ఏడు పొడిగించిండు."

"ఈ ఎండల నీళ్ళు తాగక ఏం తాగుతరు? నేను రోజుకొక క్యాన్ లేపుత. నన్ను గూడ పట్టుకొమ్మను."

"నీకు నర్సు లైసెన్సు లేదు గద."

"నవ్వకు. వేరే కాడ టెస్టు చేయించుదాం."

"చెల్లది. ల్యాబు వాళ్ళదే, డాక్టరు వాళ్ళోడే. జబ్బున్నదనేది వాళ్ళే, నయమైందనేది వాళ్ళే."

"ఇప్పటిదాక ఎవలకు నయమైందట?"

"నా లెక్కనే టెస్టుకొచ్చే ఆబిదా సిస్టర్ బయటవడ్డది."

"ఎట్ల?"

"ఫీజు కట్టలేక ఇంటికి వోయింది. వీళ్ళ కాయితం లేదని ఆడ గూడ నర్సు నౌకరి ఇయ్యలే. బీడీలు చేస్తున్నది."

"రేపు నేనే పోత. పోలీసులను పిలువుమంట. ఏ తప్పు చెయ్యనోళ్ళకు భయమేంది?"

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటున్న గద."

"పుష్పా, ఇటు సూడు. నువ్వు నిజంగనే ఆ సూది..."

"ఇగో చేతులు. సూస్కో. ఒక్క పోటన్న ఉన్నదా?"

"మరి మొదాల ఒంట్లెకు ఎట్లొచ్చింది?"

"ఇడ్సిపెట్టు."

"ఎట్లొచ్చింది?"

"చెడ్డగ వచ్చినయన్ని శనివారం ఇచ్చినయే. శుక్రవారం నా కాడికి ఎవలొస్తరు?"

"నేనొస్త. కోడికూర తెస్త. కూరల ఏమున్నది? కొబ్బరి, మసాల, గసాలు..."

"అగో."

"ఏం అగో? గసాలు తింటె మత్తెక్కుతదా?"

"ఎక్కది. టెస్టుల మాత్రం మార్ఫిన్ అని పడుతది. ఈ దేశంల గసాలు తెచ్చుడే నేరం. పసుపు పొట్లంల దాపెట్టుకోని తెచ్చిందెవలు?"

"టెస్టుల పడుతదని నాకెర్కలేదు, చెల్లె. అమ్మ చేసినట్టు ఉంటదని... ఈ ముచ్చట వానికి చెప్పకపోయినవా?"

"రెండో నెలల్నే చెప్పిన. వానికి అంతకుముందే ఎర్క. రెండు కాయితాలు ముందల వెట్టిండు. కూరల తిన్ననని రాస్తె, ఆ కూర తెచ్చినోని పేరు గూడ రాయాలె, అది పోలీసులకు వోతది అన్నడు. మత్తు అలవాటుందని రాస్తె, అది వాని బీరువలనే ఉంటది, ఫీజు కడితె సాలు అన్నడు."

"అలవాటుందని రాసిచ్చినవా?"

"రాసిచ్చిన."

"నా కోసమా?"

"అప్పటిసంది నీ కూర ముట్టలే. నువ్వు వోయినంక పారవోసుడే."

"నాకొక్క మాట చెప్పద్దా?"

"చెప్తె పోయి ఒప్పుకుంటవు. నువ్వు జైలుకు, అబద్ధం రాసిచ్చినందుకు నేను నీ ఎన్క. అందుకే చెప్పలే."

"ఏడాదిన్నర, పుష్పా..."

"ఇంకొక ఏడంటె ఐదువేల రెండునూర్ల రియాళ్ళు. ఇన్నొద్దులు ఓవర్‌టైం చేసి కట్టినవు. ఇంకొక్క ఏడు చెయ్యి, అన్నా. అయినంక ఇద్దరం ఇంటికి వోదాం."

"మా కంపెనీల ఓవర్‌టైం బందై రెండేండ్లాయె."

"మరి ఆ పైసలు ఏడికెల్లి తెచ్చినవు?"

"బాయికాడిది అమ్మిన. ఎకరం పన్నెండు గుంటలు."