చూడొచ్చినోళ్లు

మేడ్చల్ అవతల ఒక చిన్న సర్కారు దవాఖాన, 1999 ఎండాకాలం. ఇక్కడి కుటుంబ నియంత్రణ క్యాంపులు చూసి తమ దగ్గరా పెట్టుకుందామని పక్క రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దసార్లు అప్పుడే జీపులెక్కారు. నర్సు ఎస్తేరు రెండోసారి చేతులు కడుక్కుంటుంటే సూపర్‌వైజర్ సిద్దిరాములు లోపలికి వచ్చాడు.

“మస్తు ఖుష్ అయి పోయిండ్రు ఎస్తేరమ్మా. పోయిన వారం క్యాంపుల ఒక్క పూటల అరవై ఆపరేషన్లా అని నోరెళ్లవెట్టిండ్రు. వచ్చే నెల నుంచి వాళ్లకాడ గూడ గిదే పద్ధతట.”

“ఆ అరవైల దుర్గాబాయి ఒకామె సార్.”

“ఇగ మొదలువెట్టినవా. కుట్లు చీము వట్టినయి, గోళీలిచ్చినం. తగ్గుతది.”

“నాలుగు దినాల సంది గోళీలే. ఒళ్లు కాలిపోతాంది. పట్నం దవాఖానకు పంపుండ్రంటే, చూడొచ్చినోళ్లను పోనీ అని మీరే అన్నరు.”

“పోయిండ్రు గద. మన జీపు ఖాలీనే, పంపు.”

“మీ జీపు కోసం సూడలే. ఆమె పెనిమిటి గండయ్య ఆటో తెస్తే, ఇందాకనే ఎక్కిచ్చిన.”

“ఇందాకనా? వాళ్లు ఉన్నప్పుడా?”

“మరి ఆమెను మందుల గదిల ఎంతసేపు దాసి ఉంచాలె? అట్టడబ్బల నడుమ, ఫ్యాను లేదు, బయట గొళ్లెం.”

“వార్డుల ఆ వాసన…”

“ఆమె మంచం మీద మన ఊడ్చే పద్మలతను పండవెట్టి, ‘మంచిగున్న సార్’ అనిపిచ్చిండ్రు. ఆ పిల్లకు ఆపరేషనే కాలే.”

“నువ్వు గూడ పక్కనే నిలవడ్డవు.”

“నిలవడ్డ. నా మీద నాకే రోత వుట్టింది. అందుకే చెప్పిన.”

“ఎవరికి?”

“వాళ్లల్ల పెద్దాయనకు. మీరంత ఫొటో దిగుతుంటే గొళ్లెం తీసి సూపిచ్చిన.”

“ముంచినవు గద నన్ను.”

“ఆమె నీళ్లడిగింది. ఆయన ముక్కుకు దస్తీ అడ్డం వెట్టుకొని, గడప కాడనే నిలవడి సూసిండు.”

“ఏమన్న రాసుకున్నడా?”

“జేబుల నుంచి పుస్తకం తీసిండు. పెన్ను తీసిండు.”

“అయిపాయె. సీదా మన పెద్దసారు కాడికే వోతది.”

“పోదు సార్. పరేషాన్ గాకుండ్రి.”

“ఎట్ల పోదు? ఏమడిగిండో అది చెప్పు.”

“హిందీల అడిగిండు. ‘గిసొంటియి మాకాడ గూడ అయితయమ్మా. రిపోర్టుల కనవడకుండ మీరెట్ల రాస్తరో జర చెప్పు, రాసుకుంట’ అన్నడు.”