బల్ల మీద ఒకే డబ్బా

అమెరికాలోని వయోమింగ్‌లో గొర్రెలు ఈనే కాలం. తెల్లారింది గానీ ఎండ ఇంకా నేల మీదికి దిగలేదు. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్న కయోటీ అనే చిన్న తోడేలు కోసం, మంచు పట్టిన పొదల మాటున ఎల్డన్, ఆయన కోడలు మార్లా బోర్లా పడుకుని ఉన్నారు. తుపాకీ కోడలి చేతిలో ఉంది. భయమంతా మామ దగ్గరే ఉంది.

“కొట్టొద్దు.”

“ఎదురుగా నిలబడింది మామయ్యా. రొమ్ము చూపిస్తోంది.”

“కొట్టొద్దన్నానా.”

“ఈల ఊదింది మీరు. చెవులపిల్లి చచ్చిపోతున్నట్టు ఏడ్చి మరీ పిలిచారు. తీరా అది వచ్చాక వద్దంటారేంటి?”

“గాలి... గాలి మారింది.”

“గాలేదీ? గడ్డిపోచ కూడా కదలట్లేదు.”

“దూరం ఎక్కువ.”

“ఇంతకు రెట్టింపు దూరంలో కొట్టించారు నాచేత. ఈ తుపాకీని నా భుజానికి సరిపోయేలా చేసింది మీరే. వెనక చెక్క కోసి పొట్టి చేశారు, గొట్టం మార్చారు, ట్రిగ్గర్‌కి ఈక తగిలితే చాలన్నట్టు సానబెట్టారు. ఇప్పుడేమో దూరమంటారు.”

“ఆ గొట్టాన్నేమీ అనకు. నీదీ ట్రెంటుదీ ఒకే కొలతకి తొలిచాను. ఒకరి తూటాలు అయిపోతే ఇంకొకరివి పనికొస్తాయని.”

“అదే నా బాధ. మీ అబ్బాయి వాగు అవతల కూర్చున్నాడు. నాకన్నా ముందు తను కొడితే సాయంత్రం దాకా దెప్పుతాడు. పైగా రాత్రి కూడా ఓ పిల్లని లాక్కెళ్లిందిది. తల్లి ఇంకా అరుస్తూనే ఉంది. ఇదిగో, వేలు పెడుతున్నా—”

“మార్లా! వేలు తియ్! తియ్యమంటున్నా!”

“అబ్బా, చెయ్యి వదలండి! ఏంటిది, ఇలా వణికిపోతున్నారేంటి?”

“చలి.”

“ఈ చలిలోనే పుట్టి పెరిగారు మీరు.”

“తూటా బయటికి తీసెయ్యమ్మా. మెల్లిగా. మొహం పక్కకి పెట్టి తీయి.”

“మొహం పక్కకా? ఎందుకు?”

“తీయి ముందు.”

“చెప్పేదాకా తియ్యను.”

“నిన్న ఖాళీ తూటాల్లో మందు నింపడం అయిపోయాక బల్ల సర్దుతున్నా. చూస్తే రెండు డబ్బాలకి మూతల్లేవు.”

“ఏ రెండు?”

“రైఫిల్ మందుదీ, పిస్తోలు మందుదీ.”

“మామయ్యా!”

“తెలుసు.”

“‘బల్ల మీద ఒకే డబ్బా’ అన్నది మీరే కదా! రెండో డబ్బా ముట్టుకుంటే ట్రెంటుని వేళ్ల మీద కొట్టేవారట.”

“కొట్టేవాణ్ణి. నిన్న నన్నెవరూ కొట్టలేదు. ఏ డబ్బాలోంచి పోశానో గుర్తులేదమ్మా. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. చూడ్డానికి రెండూ ఆవాల్లా నల్లగానే ఉంటాయి. పిస్తోలు మందు ఇందులో అంత పోస్తే మాత్రం గొట్టం పగిలిపోతుంది. గొట్టాన్ని వెనక మూసే బోల్టు ఎగిరి తంతుంది. నీ కంట్లోకే.”

“పొద్దున్నే చెప్పొచ్చుగా! ఇంతసేపూ నా పక్కన పడుకుని నోరు మూసుకున్నారా?”

“కాఫీ తాగేటప్పుడు చెబుదామనుకున్నా. ట్రక్కులో చెబుదామనుకున్నా. ట్రెంట్ పక్కనే ఉన్నాడు. వాడికి తెలిస్తే బల్లకి తాళం వేస్తాడు. ఆ బల్ల కూడా పోతే నాకింకేముంది? ఇది రాదులే అనుకున్నా. ఈల కూడా కావాలనే చెడగొట్టి ఊదాను. అయినా వచ్చి చచ్చింది.”

“మామయ్యా, ఇలా చూడండి.”

“చూడలేను.”

“ఈ తుపాకీలో ఉన్నది మీరు నింపిన తూటా కాదు.”

“ఏంటీ?”

“శీతాకాలం మొదట్లో ఓసారి నా బోల్టు బిగుసుకుపోయింది. సుత్తి దెబ్బకి గానీ తెరుచుకోలేదు. తూటాలో మందు తేడాగా పడిందని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆనాటి నుంచీ మీరు కునుకు తీస్తుంటే, మీ తూటాల్లోంచి గుండ్లు ఊడబీకి, మందు పారబోసి, కొత్త డబ్బాలోంచి నేను పోస్తున్నా. మీరు నేర్పినట్టే. ఒకే డబ్బా.”

“ట్రెంటుకి చెప్పావా?”

“మీరు చెప్పుకోలేనిది నేనెలా చెప్తాను?”

“అంటే ఇన్నాళ్లూ నేను నింపినవన్నీ...”

“ఇత్తడి తొడుగు మీదే. గుండు మీదే.”

“మందు మాత్రం నీది.”

“ఏడుస్తున్నారా?”

“చలి అన్నాగా.”

“సరే, చలే. అదిగో, మన గోల విని వాగులోకి దిగిపోతోంది. ట్రెంట్ వైపే. ఇక తన పాలే.”

“వాడేం కొడతాడు? తన తూటాల పెట్టె ఇంట్లో మర్చిపోయాడుగా. మనల్ని దింపేటప్పుడు నాతో అన్నాడు. ఊరికే చూస్తా, మార్లానే కొట్టాలి అన్నాడు. పొద్దుట్నుంచీ నాకున్న ధైర్యం అదొక్కటే.”

“మర్చిపోయాడా?”

“ఊఁ. ఏం, అలా చూస్తావేం?”

“నిన్న ఓ గొర్రె ఈనలేక నన్ను చంపింది. మీ నిన్నటి తూటాలు ఊడబీకే తీరిక దొరకలేదు. మీకు కనబడకుండా దాచేశాను.”

“ఎక్కడ?”

“ట్రక్కులో. సీటు కింద.”

“చేతి రేడియో ఏదీ? తీసి వాడితో మాట్లాడు!”

“ట్రెంట్! ట్రెంట్, వినిపిస్తోందా? తుపాకీ కింద పెట్టు!”

“ష్! అరవకే తల్లీ, నావైపే వస్తోంది. సీటు కింద నాన్న పెట్టె దొరికింది, అదృష్టం. ఆయన చేతి తూటా అంటే తిరుగుండదు. రేడియో కట్టేస్తున్నా.”

“వద్దు, అవి మంచివి కావు! ట్రెంట్! కట్టేశాడు. మామయ్యా, కట్టేశాడు! నేను పరిగెత్తి వెళ్తా.”

“నువ్వు వాగు దాటేలోపు పేల్చేస్తాడు. మార్లా, నీ తుపాకీలో ఉన్నది నువ్వు నింపిందేనా?”

“నేనే నింపా.”

“నిజంగా?”

“నా చేత్తో నింపా!”

“అయితే కొట్టు.”

“దేన్ని? అది గట్టు చాటుకి పోయింది.”

“ఆ మట్టిగుట్టలోకి కొట్టు! చప్పుడికి బెదిరి పరిగెత్తాలది. వెనక గొర్రెలుండగా పరిగెత్తే జంతువుని వాడు కొట్టడు, నేనే నేర్పాను. కొట్టమ్మా, కొట్టు!”

“చెవులు మూసుకోండి!”

“తగిలింది! గుట్ట మీద మట్టి లేచింది.”

“మామయ్యా, అటునుంచి ఏమైనా వినబడిందా?”

“లేదు. నీకో?”

“నాకూ లేదు.”

“ఊపిరి పీల్చకు. విననీ.”

“మామయ్యా, రేడియో! రేడియో గరగరమంటోంది.”

“ఎవరే పేల్చింది? బంగారం లాంటి గురి చెడగొట్టారు! గొర్రెల దొంగ తప్పించుకుపోయింది! నాన్నా, వింటున్నావా? కూర్చోబెట్టుకుని ఇదేనా దానికి నేర్పేది? నీకేమైనా మతి పోయిందా?”

“పోతోందిరా, ట్రెంట్. శీతాకాలం నుంచే పోతోంది. ముందు ఆ తూటా బయటికి తీయి నాయనా, మొహం పక్కకి పెట్టి. ఆ తర్వాత వచ్చి బల్లకి తాళం వేసుకో.”