సత్తెక్కను ఎండల కూసోబెట్టిన్రు

"తాతా, అమ్మమ్మ కాన్పుల పోయిందనే చెప్తరు అందరు. అసలు ఏమైంది?"

ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా! మీ అమ్మ ఏనాడూ అడగలె. కూసో. గా చెంబు ఇటియ్యి, గొంతు తడుపుకుంట.

మా సత్తెక్క, అంటె మీ అమ్మమ్మ, నాకంటె పెద్దది. పోలీస్ యాక్షన్ అయినంక, ఊర్లు జర నిమ్మళపడ్డంక తాండూరుకు ఇచ్చిన్రు. బావకు బండల గనిల పని. వాకిలంత నాపబండలే పరిచిండు. ఎండకాలం కాలు పెడితె బొబ్బలే. గప్పుడు బండలు మస్తు సస్త, కారుచౌక, ఇప్పటి లెక్క కాదు, బండి నిండ ఏసుకున్నా... అగో, ఎటో పోతున్న.

మొదటి కడుపు నడుమల్నే పోయింది. రెండోది నెలలు నిండి పుట్టింది గని, ఏడ్వలె. గప్పటికే అక్కకు రెండు చెంపల మీద, ముక్కు మీదికెల్లి ఎర్రగ మచ్చ. కుంకుమ చేతుల్తోని మొకం తుడుసుకున్నట్టు ఉండె. వేళ్ల గనుపులు వాసి జొన్నరొట్టె తట్టరాకపాయె. దువ్వెన పెడితె జుట్టు కుచ్చులు కుచ్చులు ఊడేది.

నీకు గిదే రోగమొస్తె లూపస్ అని పేరు చెప్పిన్రు. మాకు పేరెక్కడిది? అక్క అత్తకు మాత్రం దొరికింది: సూర్యుని కోపం! గ్రహణం నాడు బయట తిరిగిందట. మచ్చ ఇచ్చినోడే తీస్తడని ఐతారం ఐతారం, సూర్యుని వారమని, తలకు పోయించి, పగటీలి నడినెత్తి ఎండల ఆ బండల మీద కూసోబెట్టేది. మొకం సూర్యుని దిక్కే ఉండాలె.

నేను గప్పుడు పెద్దేముల్ ఊర్ల బడిపంతులును. కోపం దిగమింగి, పిల్లలకు చెప్పినట్టే ఆమెకు ఒక కథ చెప్పిన. "అత్తమ్మా, కుమ్మరింటికి కొత్త కోడలొచ్చింది. పచ్చి కుండలు నీడకు ఆరబెట్టి ఉన్నయి. ఎండ గింత మంచిగ కొడుతుంటె నీడెందుకని అన్నీ వాకిట్ల పెట్టింది. మాపటికి అన్నీ పగిలినయి. ఎండది తప్పు కాదు అత్తమ్మా, కుండ పచ్చిది."

ఆమెది కన్నడ దిక్కు పుట్టిల్లు. నడుం మీద చెయ్యి పెట్టి, "ఏన్రీ పంతులూ, సూర్యునికే పాఠం చెప్పొస్తివా? మీ అక్క పచ్చికుండ కాదు, ఓటికుండ" అన్నది. అరుగు మీది ఆడోళ్లంత నవ్విన్రు. అక్క విన్నది బిడ్డా. తల వంచుకుందామన్నా లేదు, మొకం పైకే ఉండాలె గద!

మూడోసారి నెల తప్పినంక ఇగ నేను ఆగలె. రైలెక్కించి వికారాబాదుకు తోలుకపోయిన. అక్కడ ఒక డాక్టరమ్మ. అక్క కాలు వేలుతోని ఒత్తితె గుంత పడ్డది పడ్డట్టే ఉన్నది. మూత్రం గాజు గొట్టంల పోసి దీపం మీద కాస్తె కోడిగుడ్డు తెల్లసొన లెక్క గడ్డకట్టింది. "పంతులుగారూ, ఇది తోలు రోగం కాదు, నెత్తుర్ల రోగం. మూత్రపిండాలకు పాకింది. రోగం సల్లబడ్డంక కడుపు నిలిస్తె బాగుండేది. ఇగ ఎండ మొకం చూడొద్దు. గీ గోళీలు ఒక్కపూట కూడ ఆపొద్దు. కాన్పుకు ఇక్కడికే రావాలె" అన్నది.

అక్కను మా ఇంట్లనే ఉంచుకున్నం. వాపు దిగింది, మచ్చ పలుచబడ్డది. పిల్ల కడుపుల తన్నుతుందని నా చెయ్యి పట్టుకోని నవ్వింది.

గప్పుడొచ్చింది మహాతల్లి, అక్క అత్త! మచ్చ చూసి, "చూసిన్రా సూర్యుని మహిమ! మొక్కు తీర్చాలె, పంపుండ్రి" అన్నది. నేను బడిల ఉన్న. వియ్యపురాలి మాట కాదనలేక మా అవ్వ పంపింది. తాండూరుకు పోంగనే ఆమె, ఇంగ్లీషు గోళీలకు పిల్ల కరుగుతదని, అన్నీ బర్రె కుడితిల పారేసింది. గోళీలు తెచ్చిన గుణానికి సూర్యునికి మొక్కు! అదే బండ మీద, అదే ఎండల!

కబురందేటాలకు అక్క కండ్లు తెరవరాకుండ మొకం ఉబ్బింది. ఫిట్స్ మొదలైనయి. రైల్ల నా ఒళ్లె తల పెట్టుకోని తీస్కపోయిన. డాక్టరమ్మ పిల్లను దక్కించింది, పిడికెడంత పిల్లను, దూది చుట్టి. గా పిల్లే మీ అమ్మ. అక్క కండ్లు తెరవలె, బిడ్డను చూడలె.

పాడె కాడ ఆమె "సూర్యుడే తీస్కపోయిండు" అని రొమ్ము కొట్టుకుంటుంటె, నలుగురిల నేనన్న: "సూర్యుడు కాదు, నువ్వు." మళ్ల ఆ వాకిట్ల కాలు పెట్టలె. మీ అమ్మను నేనే పెంచిన. ఆ అత్త చచ్చిపోయి ఎన్నేండ్లాయె, ఇప్పటికీ ఆ ఓటికుండ మాట యాదికొస్తె నా పండ్లు పటపటమంటయి.

ఇగ నువ్వు చెప్పు. పొద్దటిసంది చూస్తున్న, గోళి ఏసుకోలె నువ్వు. ఎవరన్నరు బంద్ చెయ్యమని? మీ అత్తనా? కడుపుల పిల్లకు వేడి చేస్తదన్నదా? థూ! ఇన్నేండ్లైనా గదే కుడితి, గదే బర్రె! మీ డాక్టరమ్మ రోగం సల్లబడేదాక ఆగమంటె ఆగినవు. ఏ గోళి ఉండాలె, ఏది మానాలె, ఆమెను అడిగే కడుపు నిలుపుకున్నవు. ఆమెకంటె మీ అత్తకు ఎక్వ ఎరుకనా?

రేపు నేనొస్త మీ ఇంటికి. ఈసారి కుమ్మరి కథలుండయి.

సంచి తియ్యి. నా కండ్ల ముంగటనే ఏసుకో. ఇగో నీళ్లు. ఆఁ, మింగినవా?

అగో, ఎండ అరుగెక్కుతున్నది. ఇట్ల జరుగు, నా పక్కకు, నీడకు రా. నువ్వూ నీ బిడ్డా సల్లగుండాలె తల్లి.