రెండు పెట్టెల్లో పన్నెండు పళ్ళు

విచారణాధికారిగారూ, నా పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు ముప్పై తొమ్మిది. పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనకగదిలో పదిహేడేళ్ళుగా కట్టుడుపళ్ళు తయారు చేస్తున్నాను. ఎవరి బలవంతమూ లేకుండా ఈ సంగతులు చెబుతున్నాను.

దంతవైద్య కళాశాల ప్రవేశపరీక్షకు ఈ ఏడు నేనూ దరఖాస్తు పెట్టాను. పదేళ్ళు ఈ పనిలో ఉన్నవాళ్ళకు వయసు పట్టింపు లేదని నిరుడు నిబంధన మార్చారు. అయితే యజమాని అనుభవపత్రం మీద సంతకం పెట్టాలి. మా తమ్ముడు, "పళ్ళూడే వయసులో పళ్ళ చదువేంటక్కా?" అని నవ్వాడు. నవ్వినా, పాత పుస్తకాలు వెతికి తెచ్చింది వాడే. రోజూ ఉదయం ఐదు నుంచి ఏడింటి దాకా వంటింటి బల్ల మీద రసాయనశాస్త్రం చదివి, ఎనిమిదికి పనిలోకి వెళ్ళేదాన్ని.

రాతపరీక్షకు ముందు ప్రతి అభ్యర్థీ మైనంతో ఆరు పళ్ళు చెక్కి, స్వయంగా చేశానని సంతకం చేసి, పెట్టెలో పంపాలి. అవి నచ్చితేనే రాతపరీక్షకు పిలుస్తారు.

గత నెల మూడో తేదీ మధ్యాహ్నం రెండింటికి డాక్టరుగారు వెనకగదిలోకి వచ్చి కూర్చున్నారు. పదిహేడేళ్ళలో ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదలు. ఉన్నది ఒక్క స్టూలే కాబట్టి నేను నిలబడ్డాను. వాళ్ళమ్మాయీ అదే పరీక్ష రాస్తోంది.

"దానికి చదువు బాగానే వస్తోందమ్మా. చెయ్యే తిరగట్లేదు. ఆ ఆరూ నువ్వు చేసిపెట్టు. నీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను" అన్నారు.

సరేనన్నాను. తప్పని తెలిసే ఒప్పుకున్నాను. ఆయన అక్కడే సంతకం పెట్టారు.

మర్నాడు నావి ఆరూ చేసి, ఆ అమ్మాయివి మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేసినట్టుండాలని దవడపన్ను గాడి ఒకటి వంకరగా తీశాను. టీ తాగి వచ్చాక ఆ వంకర చూస్తూ కూర్చోలేకపోయాను. సరిచేశాను. మళ్ళీ చెడగొట్టాను. మళ్ళీ సరిచేశాను. చెడగొట్టడం నాకు చేతకాలేదండి. సాయంత్రం ఐదింటికి అన్నీ పూర్తయ్యాయి. పన్నెండు పళ్ళూ ఒక్క చేతివని గుడ్డివాడైనా తడిమి చెబుతాడు.

ఇంకో సంగతి. నాకు వచ్చే కొలతలన్నీ ముసలివాళ్ళవి. నోట్లో సహజంగా కనపడాలని ఏ పన్ను చేసినా కొసలు కాస్త అరిగినట్టు చేస్తాను. అలవాటు కొద్దీ పన్నెండూ అలాగే చేశాను. పుస్తకంలో బొమ్మ చూసి చెక్కేవాళ్ళు అరిగిన పళ్ళు చెక్కరు. రెండు పెట్టెల్లోనూ అవే అరిగిన కొసలు చూసి పరీక్షవాళ్ళు ఇట్టే పట్టేశారు. ఎవరు ఎవరి పని కాజేశారో తేల్చమని మీకు రాశారు.

వాళ్ళమ్మాయి చేసిన పళ్ళకు నేను దొంగచాటుగా అచ్చు తీసుకున్నానని డాక్టరుగారు మీకు రాసిచ్చారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని కూడా అందులో ఉందట. నిన్న ఉదయం పదిన్నరకు ఆయన నన్ను తన గదిలోకి పిలిచి, "అచ్చు తీశానని ఒప్పేసుకో. నీకు ఈ ఒక్క ఏడే పోతుంది, అంతే. ఉద్యోగం ఎక్కడికీ పోదు" అన్నారు. అప్పటిదాకా ఒప్పుకుందామనే ఉన్నాను. పక్కనే అమ్మాయి ఉంది. ఫోను చూసుకుంటూ, "నీకెలాగూ సీటు రాదు కదక్కా" అంది. కోపంతో అనలేదు. బస్సు వెళ్ళిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది.

ఇంకొకరికి చేసిపెట్టినవాళ్ళు మళ్ళీ ఏనాడూ ఈ పరీక్ష రాయకూడదన్న నిబంధన మీరు నాకు చదివి వినిపించారు. మంచినీళ్ళిచ్చి, ఆలోచించుకోమన్నారు. ఆలోచించాను. ఆ చదువు నాకు కావాలి. ఇక్కడికి వస్తూ బస్సులో కూడా చదువుకున్నాను. కానీ ఆ పిల్ల చేసిన పళ్ళకు నేను అచ్చు తీశానని నా నోటితో చెప్పలేను. రెండు పెట్టెల్లోవీ నావే. అలాగే రాయండి.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, చెప్పింది నిజం. ఏమైనా మార్చాలా అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అక్కర్లేదన్నాను.

(సంతకం)